గరాజ్‌లో వచ్చే లూప్ ఐస్ మీద రాదేం? నా స్కేటింగ్ డైరీ

జూన్ 28, శనివారం

సరే, ఇవాళ్టి నుంచి రాసుకుందాం అని ఫిక్సయ్యా. ఫిగర్ స్కేటింగ్ జంపుల కోసం మార్చి నుంచి గరాజ్‌లో గెంతుతున్నా. కారు బయట ఎండలో పెట్టేసి (డాలస్ ఎండలో, మా ఆవిడ రోజుకోసారి గుర్తుచేస్తుంది) లోపల రబ్బర్ మ్యాట్ పరిచి, తెల్ల టేపుతో ఒక గీత ఒక సున్నా వేసుకుని, ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టుకుని రోజూ నలభై నిమిషాలు. వాల్ట్జ్, సాల్కో, టో లూప్, లూప్ అనే జంపులు నాలుగూ స్పోర్ట్స్ షూస్‌తో బానే వస్తున్నాయి, లూప్ అయితే పదికి తొమ్మిదిసార్లు దిగిన చోట బిగుసుకుని నిలబడతా, వీడియో చూసుకుని నాకు నేనే ముచ్చటపడిన రోజులు కూడా ఉన్నాయి.

ఇవాళ పొద్దున్న ఆ నాలుగూ ఐస్ మీద ట్రై చేశా. వాల్ట్జ్ ఒక్కటే వచ్చింది, అదీ రింకు చుట్టూ ఉండే గోడ పక్కన నిలబడి ఎగిరితే. సాల్కో సగం తిరిగి ఆగిపోయింది. టో లూప్‌లో ఏం చేశానో నాకే తెలీదు. లూప్‌కి అసలు కాలు పైకే లేవలేదు, కుడికాలి మీద వెనక్కి జారుతూ జారుతూ, వంగి, చేతులు విసిరి, అక్కడే గిర్రున తిరిగి తుంటి మీద కూర్చున్నా. పక్కనే ఎనిమిదేళ్ళ పిల్ల యాక్సెల్ (ఒకటిన్నర చుట్ల జంపు) వేసి, దిగి, వెళ్ళిపోతూ "ఆర్ యూ ఓకే సర్" అంది. తుంటి కంటే ఆ సర్ దగ్గర ఎక్కువ నొప్పెట్టింది.

జూన్ 29

నిన్న నొప్పితో రాశా కాబట్టి అసలు విషయం రాయలేదు. ఇవి తెలియని వాళ్ళు చదివితే అర్థం కావాలి కదా. నేను చాలామందిలాగే ఎడమవైపుకి తిరుగుతా, కుడికాలి మీద వెనక్కి పోతూ దిగుతా, బ్లేడ్ బయటి అంచు మీద. ఏ జంపైనా దిగేది అలాగే, తేడా అంతా ఎగిరే చోటే. వాల్ట్జ్ అంటే ఎడమకాలి మీద ముందుకి పోతూ సగం చుట్టు. సాల్కో ఎడమకాలి లోపలి అంచు మీద వెనక్కి పోతూ. టో లూప్ కుడికాలి బయటి అంచు, సాయానికి ఎడమకాలి ముందు పళ్ళు ఐస్‌లో గుచ్చాలి, ఆ పళ్ళనే టో పిక్ అంటారు. లూప్‌కి సాయం ఏమీ లేదు. కుడికాలి బయటి అంచు మీద వెనక్కి పోతూ అదే కాలితో ఎగిరి అదే కాలి మీద దిగాలి. మా అమ్మాయి డ్రైవ్‌వేలో సుద్దతో గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడుతుంటే చూసి ఇదేగా లూప్ అంటే అనిపించింది, ఒంటికాలితో గెంతి ఒంటికాలి మీదే దిగడం. కాకపోతే ఇది వెనక్కి, తిరుగుతూ, 4 మిల్లీమీటర్ల ఇనప బద్ద మీద.

ఇంకో విషయం ఒప్పుకోవాలి. నాకు స్కేటింగ్ కొత్త కాదు అనే పొగరు ఉండేది. చిన్నప్పుడు హైదరాబాద్‌లో ఇందిరా పార్కులో నాలుగు చక్రాల రోలర్ స్కేట్లేసుకుని రెండేళ్ళు తిరిగా. కానీ నేను చేసింది రౌండ్లు కొట్టడమే, ఎవరు ఫాస్ట్ అని. మన హైదరాబాదీ అనూప్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఫ్రీ స్కేటింగ్‌లో బ్రాంజ్ తెచ్చాడు, అది అసలైన రోలర్ స్కేటింగ్, చక్రాల మీద కూడా ఇవే జంపులు, టో లూప్‌ని మాత్రం మేప్స్ అంటారు. నాకు అక్కణ్ణుంచి వచ్చింది భయం లేకపోవడం ఒక్కటే. భయం లేకుండా తప్పు చేస్తున్నా.

జులై 5

ఇవాళ లెక్క తీశా. ఫోన్‌లో స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేములు. కాలు లేచిన ఫ్రేము నుంచి దిగిన ఫ్రేము దాకా లెక్కపెడితే గాల్లో ఎంతసేపున్నానో తెలుస్తుంది, దాన్నిబట్టి ఎత్తు కూడా వస్తుంది, ఇంటర్ ఫిజిక్సే, టైమ్‌ని టైమ్‌తో గుణించి 9.8తో గుణించి 8తో భాగించడం. గరాజ్‌లో లూప్: 96 ఫ్రేములు, అంటే 0.40 సెకను, ఎత్తు దాదాపు 20 సెంటీమీటర్లు. ఐస్ మీద నేను చేయగలిగిన ఒకే ఒక్క జంపు, వాల్ట్జ్: 62 ఫ్రేములు, 0.26 సెకను, 8 సెంటీమీటర్లు. ఎనిమిది! మా ఇంటి గడప అంత ఉంటుందేమో.

ఎందుకు అని బూట్లు కిచెన్ స్కేల్ మీద పెట్టా (మా ఆవిడ చూడలేదు). బ్లేడ్‌తో కలిపి ఒక్కోటి 1.3 కిలోలు, స్పోర్ట్స్ షూ 300 గ్రాములు కూడా లేదు. అంటే కాలికో కిలో కట్టుకుని ఎగురుతున్నట్టు. దానికి తోడు ఈ బూటు చీలమండని పట్టేస్తుంది, గరాజ్‌లో మనం చివర్లో పాదంతో నేలని తన్నుతాం చూడండి, వేళ్ళ మీదకి లేచి, ఆ తన్నుడు ఇక్కడ సగం కూడా ఉండదు, అంతా మోకాలి నుంచి రావాలి. నేనేమో మోకాలు వంచట్లేదు, ఎందుకంటే వంచితే భయం. పైన భయం లేదని రాశా కదా, మోకాళ్ళకి ఉందన్నమాట.

జులై 12

కోచ్‌కి వీడియోలు చూపించా. ఆవిడ చిన్నప్పుడు మాస్కోలో నేర్చుకుందట, లూప్ అనదు, రిట్‌బెర్గర్ అంటుంది, 1910లో మొదట వేసిన జర్మన్ వెర్నర్ రిట్‌బెర్గర్ పేరు. గరాజ్ వీడియో చూస్తూ ఒక్కచోట ఆపి, చూడు నీ షూ ఎటు తిరిగి ఉందో అంది. చూశా. కాలు ఇంకా నేల మీదే ఉంది, కానీ పాదం అప్పటికే పావు చుట్టు తిరిగేసింది, భుజాలైతే సగం చుట్టు. అంటే గాల్లో నేను తిరిగేది చాలా తక్కువ, మిగతా తిరుగుడంతా నేలని పట్టుకుని మెలితిప్పేస్తున్నా. రబ్బర్ సోల్, రబ్బర్ మ్యాట్, గట్టి పట్టు, ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. ఐస్ మీద ఆ మెలి తిప్పితే పట్టుకోడానికి ఏముంది? బ్లేడ్ చల్లగా తనూ తిరిగిపోతుంది, నేనున్నచోటే ఉంటా. జూన్ 28న జరిగింది అచ్చంగా అదే.

ఐస్ మీద తిరుగుడు భుజాల నుంచి రాదు, కాలు గీసే వంపు నుంచి వస్తుంది అని ఆవిడ పదిసార్లు చెప్పింది. అంచు మీద ఒరిగి వెనక్కి పోతుంటే బ్లేడ్ గుండ్రంగా తీసుకెళ్తుంది, ఆ గుండ్రంలోనే తిరుగుడు దాగి ఉంటుంది, మనం పైన ఒంటిని ఆపి పట్టుకుని, వంపు చివర్లో బిగుసుకుంటున్నప్పుడు వదలాలి అంతే. ఆపి పట్టుకోవడం! నాలుగు నెలలు గరాజ్‌లో నేను ప్రాక్టీస్ చేసింది దీనికి పూర్తిగా ఉల్టా. లూప్ అన్నిటికంటే నాకు గరాజ్‌లో బాగా వచ్చిందంటే దాన్లోనే అన్నిటికంటే బాగా దొంగతనం చేశానన్నమాట.

కోపం వచ్చింది నిజం చెప్పాలంటే. ఆవిడ మీద కాదు, ఆ టేపు సున్నా మీద.

జులై 19

కొత్త ప్లాన్. గరాజ్‌లో టేకాఫ్‌లు బంద్. అక్కడ మూడే పనులు: ఒకటి, కుడికాలి మీద దిగిన పొజిషన్లో అద్దం ముందు పది సెకన్లు నిలబడడం, ఎడమకాలు వెనక చాచి, చేతులు తెరిచి. రెండు, స్పిన్నర్ మీద, అంటే అరటాకు ముక్కంత ప్లాస్టిక్ బద్ద ఉంటుంది అడుగున గుండ్రంగా, దాని మీద కుడికాలితో బ్యాక్‌స్పిన్ పొజిషన్, అంటే దిగే కాలి మీదే గిర్రున తిరగడం, ఎడమ పాదం కుడి చీలమండ ముందు, చేతులు గుండెకి దగ్గరగా. మూడు, బూట్లేసుకుని బ్లేడ్లకి గార్డులు తొడిగి మ్యాట్ మీద గుంజీలు. వినాయక చవితికింకా నెల పైన ఉంది ఇప్పుడే ఎందుకు నాన్నా అని మా అమ్మాయి.

ఐస్ మీద మాత్రం జంపులే లేవు ఈ వారం. ఇక్కడి రింకులన్నీ హాకీ కోసం కట్టినవి కాబట్టి ఐస్ కింద ఎర్ర సున్నాలుంటాయి, 15 అడుగుల రేడియస్ వాటికి. ఆ గీత మీదే కుడికాలి బయటి అంచుతో వెనక్కి పోవాలి, గీత వదలకుండా. సగం సున్నా దాకా బానే పోతా, తర్వాత ఒరుగుడు పోయి బయటికి జారిపోతా. ఎగరకముందే పోతున్న వంపు ఎగిరేటప్పుడు ఎక్కడుంటుంది!

జులై 27

ఈ వారం మొత్తం వేస్ట్. బ్లేడ్లు మొద్దుబారాయని సాన పట్టించడానికిచ్చా, ఎప్పుడూ పట్టే ఆయన ఊళ్ళో లేడు, దగ్గర్లో ఉందని ఒక హాకీ షాపులో. హాకీ బ్లేడ్‌కి ముందు పళ్ళుండవు కదా, ఆ కుర్రాడు అలవాటు కొద్దీ చివరిదాకా లాగేశాడు, అడుగు పన్ను, డ్రాగ్ పిక్ అంటారు దాన్ని, సగం అరిగిపోయింది. నాకు ఇంటికొచ్చినా తెలీలేదు. రెండు రోజులు స్పిన్‌లో ముందుకి తూలుతున్నా, టో లూప్‌కి గుచ్చితే పన్ను దిగట్లేదు, నాలోనే ఏదో లోపం అనుకుని ఇంకా గట్టిగా గుచ్చా, ముందుకి పడ్డా, మోచెయ్యి గీరుకుంది. చివరికి కోచ్ బూటు తలకిందులుగా పట్టుకుని చూసి ఏం మాట్లాడకుండా నా వైపు చూసింది. కొత్త బ్లేడ్లు. ఎంతయిందో ఇక్కడ రాయను, ఇది ఇంట్లో వాళ్ళు కూడా చదువుతారు.

ఎవరైనా మొదలుపెడుతుంటే: ఫిగర్ స్కేట్లకి సాన పట్టే మనిషిని ముందు వెతుక్కోండి, తర్వాత కోచ్‌ని.

ఆగస్టు 9

సాల్కో వచ్చింది!! పదిలో నాలుగు. ఎలా వచ్చిందో రాసుకోవాలి మర్చిపోకముందే. త్రీ టర్న్ తిరిగాక, అంటే ముందుకి పోతున్నవాడిని ఒంటికాలి మీదే వెనక్కి తిరిగాక, నేను వెంటనే ఎగిరేవాణ్ణి, ఇవాళ కోచ్ చప్పట్లు కొడతా, చప్పట్లు విన్నాకే ఎగురు అంది. కావాలని లేటుగా కొట్టింది. ఆ ఆగిన టైమ్‌లో బ్లేడ్ తనంతట తనే వంపు బిగించుకుంటూ పోయింది, కుడికాలు వెనక నుంచి ముందుకి ఊగింది, అప్పుడు ఎగిరితే ఏదో తేలిపోయినట్టు. నేను తిప్పలేదు. అదే తిరిగింది. ఈ జంపుని స్వీడన్ ఆయన ఉల్రిక్ సాల్కో 1909లో మొదట వేశాడు, పదిసార్లు వరల్డ్ ఛాంపియన్, అప్పట్లో గరాజులూ స్పిన్నర్లూ ఏముంటాయి, ఐస్ మీదే నేర్చుకుని ఉంటాడు, దొంగతనం అలవాటయ్యే ఛాన్సే లేదు ఆయనకి.

ఇంకోటి గమనించా. గాల్లోకి లేచాక నేనేం ఆలోచించలేదు, కాళ్ళు వాటంతటవే దగ్గరికొచ్చాయి, చేతులు లోపలికొచ్చాయి. స్పిన్నర్ మీద చేసినదంతా అక్కడ అలాగే పనికొచ్చింది. దిగడం మాత్రం వేరే కథ.

ఆగస్టు 16

దిగడం కథ. గరాజ్‌లో దిగడం అంటే ఆగడం. కదలకుండా నిలబడితే గొప్ప. నాలుగు నెలలు అదే చేశా కాబట్టి ఐస్ మీద కూడా దిగగానే ఒళ్ళు బ్రేకేస్తుంది, పళ్ళు ఐస్‌లో దిగబడి టక్కుమని ఆగుతా, వేగం ఎటు పోవాలో తెలీక నన్ను తీసుకుని పోతుంది. దిగేటప్పుడు ముందు పళ్ళు తాకాలి, వెంటనే బరువు బ్లేడ్ మధ్యకి జారాలి, మోకాలు మెత్తగా వంగాలి, వెనక్కి పెద్ద వంపు గీస్తూ పోవాలి. అందుకని గరాజ్‌లో చిన్న మార్పు: దిగాక నిలబడను, దిగీదిగగానే మోకాలు ఇంకా కిందకి వంచుతా, లిఫ్ట్ ఇంకో అంతస్తు కిందకి పోయినట్టు. పిచ్చిగా ఉంటుంది చూడ్డానికి. అమ్మ వరంగల్ నుంచి వీడియో కాల్‌లో చూసి "ఏందిరా కూలబడుతున్నవ్, నీరసంగున్నదా, అన్నం తిన్నవా" అంది.

ఆగస్టు 31

వేరే గొడవ. ఫ్రీస్టైల్ సెషన్‌లో, అంటే జంపులూ స్పిన్‌లూ ప్రాక్టీస్ చేసుకునే టైమ్‌లో, రింకుకి ఒక్కో చివర ఒక్కోటి, ఎదురెదురుగా రెండు మూలలుంటాయి, ఎడమవైపు తిరిగేవాళ్ళు లట్జ్ అనే జంపు ఎక్కువగా వేసేది అక్కడే, వాళ్ళు దూరం నుంచి వెనక్కి వస్తారు కాబట్టి వెనక ఎవరున్నారో చూడలేరు. నేను అక్కడ నిలబడి వీడియో చూసుకుంటున్నా. ఒక టీనేజర్ నా మీద నుంచి పోయినంత పని అయింది. తప్పు నాదే, సారీ చెప్పా. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఆ మూలల్లో నిలబడకండి, ఎవరి మ్యూజిక్ మోగుతోందో వాళ్ళకి దారివ్వండి.

టో లూప్: వస్తుంది అనుకున్నా, వీడియోలో చూస్తే పన్ను గుచ్చి దాని మీదే ముందుకి తిరిగిపోయి అక్కణ్ణుంచి వాల్ట్జ్ లాగా ఎగురుతున్నా. దీన్ని టో వాల్ట్జ్ అంటారు, తిట్టు అన్నమాట. మళ్ళీ అదే రోగం, ఎగరకముందే తిరగడం. దీని గురించి ఎక్కువ రాయను, రెండు వారాల్లో సర్దుకుంది, ఎడమకాలిని ఇంకా వెనక్కి చాచి గుచ్చితే చాలు.

సెప్టెంబర్ 13

హార్నెస్. పొడుగాటి కర్ర, దాని చివర తాడు, తాడుకి నా నడుముకున్న బెల్టు, కర్ర కోచ్ చేతిలో, గాలం వేసినట్టు ఉంటుంది, చేప నేను. లూప్ కోసం. ఆవిడ నన్ను పైకి లాగదు, ఊరికే ఒక రెండు కిలోల బరువు తగ్గిస్తుందేమో, కానీ పడను అని తెలిసేసరికి మోకాలు వంగింది. ఎంత వంగిందంటే నాకే ఆశ్చర్యం. పదకొండు లూపులు వేశా, అన్నీ పూర్తిగా తిరిగా. హార్నెస్ తీసేశాక ఒక్కటీ రాలేదు. మళ్ళీ భుజాలు ముందు పోతున్నాయి.

కానీ ఇవాళ కొత్త అలవాటొకటి నేర్పింది ఆవిడ, ఇదే నాకు అన్నిటికంటే పనికొస్తోంది. ఎగిరాక వెనక్కి వెళ్ళి ఐస్ మీద నీ గీత చూసుకో అని. జాంబోనీ (ఐస్‌ని నున్నగా చేసే బండి) అప్పుడే వెళ్ళిన ఐస్ అయితే గీత అద్దం మీద గీసినట్టు కనపడుతుంది. హార్నెస్‌తో వేసిన వాటికి సన్నటి గీత పొడుగ్గా వచ్చి చివర్లో బిగుసుకుని కొక్కెంలా తిరిగి, అక్కడ ఒక చిన్న పంటి గాటు. మన తెలుగు కొమ్ములా ఉంటుంది, పు, కు లో కొమ్ము. హార్నెస్ లేకుండా వేసిన వాటికి కొమ్ము లేదు, వెడల్పుగా గీరిన మరక, చుట్టూ తురిమిన కొబ్బరిలా మంచు. నాకు ఇక వీడియో అక్కర్లేదు, కొమ్ముందా కొబ్బరుందా, అంతే.

సెప్టెంబర్ 30

రెండు వారాలు ఐస్ లేదు. బతుకమ్మ ఈవెంట్‌కి మా గ్రూపులో కుర్చీలు మోసే బ్యాచ్‌లో నేను. గుంజీలు మాత్రం మానలేదు. స్పిన్నర్ మీద నాలుగు చుట్లు వస్తున్నాయి స్టడీగా. కుర్చీలు మోస్తుంటే పక్కన ఒకాయన, అన్నా మీరు ఐస్ మీద డాన్స్ చేస్తారట కదా అన్నాడు, ఆ మాట ఎవరు మోశారో నాకు తెలుసు.

అక్టోబర్ 4

ఖాళీ తర్వాత అన్నీ పోయుంటాయనుకున్నా. సాల్కో పదిలో ఏడు. టో లూప్ పదిలో ఆరు, నిజమైనవి. లూప్‌కి ముందు ఎర్ర సున్నా మీద వెనక్కి రెండు సార్లు పూర్తిగా తిరిగా, గీత వదల్లేదు, జులైలో సగమే పోయేవాణ్ణి. అదే సున్నా మీద, అదే వంపులో, నాకు నేనే చప్పట్లు లేటుగా కొట్టుకుంటున్నట్టు మనసులో ఒకటి రెండు అనుకుని లేచా. దిగింది. రెండు కాళ్ళ మీద, కానీ పూర్తిగా తిరిగి దిగింది. గీత చూశా. కొమ్ము ఉంది, కొంచెం కొబ్బరితో.

అక్టోబర్ 18

ఇవాళ్టి స్కోరు: లూప్ పన్నెండు సార్లు. మూడు ఒంటికాలి మీద, దిగాక వెనక్కి పోతూ. నాలుగు రెండు కాళ్ళ మీద. మూడు పడ్డా. రెండు భయంతో ఎగరనే లేదు. మూడింటిలో మంచిదాన్ని ఫ్రేములు లెక్కపెడితే 82, అంటే 0.34 సెకను, 14 సెంటీమీటర్లు. గరాజ్‌లో 20 ఉండేది గుర్తుందిగా, ఎత్తు తక్కువే ఇంకా, కానీ ఆ 20లో నేను గాల్లో అరచుట్టు తిరిగేవాణ్ణేమో, ఈ 14లో ముప్పావు చుట్టు దాకా తిరుగుతున్నా. 2022లో లేక్ ప్లాసిడ్‌లో ఇలియా మలినిన్ నాలుగున్నర చుట్ల యాక్సెల్ దిగాడు, పోటీలో మొదటిసారి అది. ఇదివరకు ఆ వీడియో చూస్తే ఎంత ఎత్తు ఎగిరాడో చూసేవాణ్ణి, ఇప్పుడు ఎగరకముందు ఎంతసేపు ఆగాడో చూస్తున్నా.

ఊరుకోబుద్ధి కాక సాయంత్రం గరాజ్‌లో షూస్‌తో లూప్ వేసి చూశా, మూడు నెలల తర్వాత. రాలేదు! నేలని మెలితిప్పడం మర్చిపోయినట్టున్నా, ఒంటిని ఆపి పట్టుకున్నా, వంపు ఎక్కడుంది తీసుకెళ్ళడానికి, నిలువునా లేచి నిలువునా దిగా. మా అమ్మాయి చూసి "నాన్నా నీకు లూప్ వచ్చుగా" అంది. టేపు సున్నా పీకేశా. జిగురు పోవట్లేదు, మ్యాట్ మీద మచ్చలా ఉండిపోయింది, రేపు కొబ్బరినూనెతో రుద్దాలి.

యాక్సెల్ అడిగా కోచ్‌ని. బ్యాక్‌స్పిన్ ఐస్ మీద ఆరు చుట్లు వచ్చాక అడుగు అంది. ఇప్పుడు రెండున్నర.